ఫైనల్ ఎక్కడ ఆడించాలి?

మన కాలేజీ గ్రౌండ్‌లో ఏటా జరిగే స్కూలు ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీల ఫైనల్‌ని ఈసారి ఊళ్ళో ఏదైనా పెద్ద స్టేడియం అద్దెకి తీసుకుని అక్కడ జరిపిస్తే బాగుంటుందని ఒక ఆలోచన నడుస్తోంది. ఇంకా ఏదీ ఖాయం కాలేదు. స్పోర్ట్స్ కమిటీ మీటింగ్ వచ్చే నెల. ఆ కమిటీలో మన డిపార్టుమెంటు అమ్మాయిలు ఇద్దరున్నారు కాబట్టి ఈ సంగతి గోడపత్రికలో రాయడం తప్పు కాదనుకుంటున్నాను. తెలుగు డిపార్టుమెంటుకీ ఫుట్‌బాల్‌కీ ఏం సంబంధం అంటారేమో. పోయినేడు ఫైనల్లో రెండో గోల్ వేసిన పిల్ల వ్యాసర్‌పాడి నుంచి వచ్చిన తెలుగింటి పిల్ల. గోల్ పడగానే గ్యాలరీలోంచి వాళ్ళ అమ్మమ్మ "నా తల్లే, నా బంగారు కొండే" అని అరిచిన అరుపు హాస్టల్ మెట్ల మీద నుంచున్న మాకు కూడా వినబడింది. సంబంధం ఆమాత్రం చాలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫైనల్ మన గ్రౌండ్‌లోనే ఉండాలి. ఒక్క షరతు మీద మాత్రం బయటి స్టేడియానికి ఒప్పుకుంటాను. ఆ షరతేమిటో చెప్పాలంటే కొంచెం దూరం పోయి రావాలి. అమెరికా దాకా.

ఎందుకంటే స్కూలు పిల్లల ఫైనల్ ఏ స్టేడియంలో ఆడించాలన్న ప్రశ్న మీద అక్కడివాళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నంతగా ఇంకెవరూ కొట్టుకుని ఉండరు. అక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదని మీకు తెలుసు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట, తలకి హెల్మెట్, భుజాలకి దిండ్లు. మనం ఆడేదాన్ని వాళ్ళు సాకర్ అంటారు. మా పిన్ని వాళ్ళు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మీ అందరి ఇళ్ళలోనూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పిన్ని కూతురు హైస్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. మనకి శనివారం పొద్దున్న, అంటే వాళ్ళకి శుక్రవారం రాత్రి, ఫోన్ చేస్తే ఎత్తదు. మ్యాచ్‌లో ఉంటుంది. ఆడేది మగపిల్లలు, వాయించేదీ నాట్యం చేసేదీ కేకలేసేదీ ఎక్కువగా ఆడపిల్లలు. దీని సంగతి తర్వాత.

టెక్సాస్‌లో ప్రభుత్వ స్కూళ్ళ పోటీలన్నీ నడిపేది యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ అనే సంస్థ. 1910లో ఇది పుట్టింది ఆటల కోసం కాదు, స్కూళ్ళ మధ్య వక్తృత్వ పోటీల కోసం. ఇప్పటికీ డిబేట్లు, స్పెల్లింగ్ పోటీలు, ఏకాంకిక నాటకాల పోటీలు అదే నడుపుతుంది. మన డిపార్టుమెంటువాళ్ళం ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎప్పుడైనా పీటీ మేడమ్‌తో వాదన వస్తే పనికొస్తుంది.

ఈ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్స్ ఒకప్పుడు ఒకే చోట జరిగేవి కావు. ఫైనల్‌కి వచ్చిన రెండు జట్ల కోచ్‌లు మాట్లాడుకుని ఇద్దరికీ మధ్యలో ఉన్న ఏదో ఒక స్టేడియం ఒప్పుకునేవాళ్ళు. ఒప్పుకోకపోతే నాణెం ఎగరేసేవాళ్ళు. ఫైనల్‌కి ముందు రౌండ్లలో ఇప్పటికీ అదే పద్ధతి. నాకు ఈ పద్ధతి నచ్చింది. ఎక్కడ ఆడాలో ఆడేవాళ్ళ తరఫువాళ్ళే తేల్చుకుంటారు. మధ్యవర్తికి పని లేదు.

2009లో డల్లాస్ కౌబాయ్స్ అనే ప్రొఫెషనల్ జట్టు కోసం ఆర్లింగ్టన్ అనే ఊళ్ళో ఒక బ్రహ్మాండమైన స్టేడియం తెరిచారు. ఇప్పుడు దాని పేరు ఏటీ అండ్ టీ స్టేడియం. ఎనభైవేల సీట్లు, అవసరమైతే ఇంకా పెంచుకోవచ్చు. పైకప్పు మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. గ్రౌండ్ నడినెత్తిన ఒక టీవీ తెర వేలాడుతుంది, దాని వెడల్పే దాదాపు 50 మీటర్లు. 2010 నుంచి స్కూలు ఫైనల్స్ అక్కడే. మధ్యలో 2015లో ఒక్కసారి హ్యూస్టన్‌లోని ఎన్ఆర్‌జీ స్టేడియానికి తీసుకెళ్ళి, మళ్ళీ మరుసటేడు వెనక్కి తెచ్చారు. డిసెంబరులో బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజులు, పన్నెండు ఫైనల్స్. స్కూలు సైజుని బట్టి ఆరు తరగతులు, ఒక్కో తరగతిలో రెండు విభాగాలు. అందుకే పన్నెండు.

ఇలాంటి చోట మొదట తట్టే ప్రశ్న, అంత పెద్ద స్టేడియం స్కూలు పిల్లలకి ఎందుకు అని. 2013లో అలెన్, పియర్‌ల్యాండ్ స్కూళ్ళ ఫైనల్‌కి అక్కడ 54,347 మంది వచ్చారు. టెక్సాస్ స్కూలు ఆటలో అది రికార్డు. అంతకుముందు 1977 నాటి ఒక ఫైనల్ రికార్డు 49,953. ఇంత జనం వచ్చిన ఆ రికార్డు రోజున కూడా పాతికవేల సీట్లు ఖాళీయే అన్నమాట! మామూలు ఫైనల్ సంగతి ఇంక చెప్పేదేముంది? పై అంతస్తుల్లో ఎవరూ ఉండరు. పిన్ని ఒకసారి ఫొటో పంపింది, వాళ్ళ స్కూలు ఫైనల్ కాదు, వేరే ఎవరిదో చూడ్డానికి వెళ్ళారు. ఫొటోలో తెర కనబడుతోంది, సీట్లు కనబడుతున్నాయి, పిల్లలు చీమల్లా ఉన్నారు. తెరలో చూడ్డానికి అంత దూరం ఎందుకు వెళ్ళారు పిన్నీ అంటే, "అందరూ వెళ్తారు కదే" అంది.

దూరం మాట వచ్చింది కాబట్టి. మన దక్షిణాది ఐదు రాష్ట్రాలనీ కలిపినా విస్తీర్ణంలో టెక్సాస్ కంటే చిన్నవే. ఆర్లింగ్టన్ ఉన్నది ఆ రాష్ట్రానికి ఉత్తరాన. మెక్సికో సరిహద్దు దగ్గర లోయలో ఉన్న స్కూలు ఫైనల్‌కి వస్తే పిల్లలూ తల్లిదండ్రులూ మనం చెన్నై నుంచి విశాఖపట్నం వెళ్ళినంత దూరం రావాలి. వచ్చాక కారు లేకపోతే కదలలేరు, ఎందుకంటే అంత పెద్ద ఊరై ఉండీ మామూలు సిటీ బస్సులు లేని ఊరుగా ఆర్లింగ్టన్‌కి పేరు. ఇది చదివినప్పుడు నాకు మన పింక్ బస్సు గుర్తొచ్చింది. టికెట్ లేకుండా ఎక్కి కూర్చునే హక్కు విలువ అది లేని ఊళ్ళ గురించి చదివితేనే తెలుస్తుంది.

ఇంతవరకు చదివి నేను టెక్సాస్‌ని ఎగతాళి చేస్తున్నాననుకోకండి. టెక్సాస్ లీగ్ చేసిన దాంట్లో ఒక మంచి పని ఉంది, నా వాదనంతా దాని మీదే నిలబడింది. ఆ పన్నెండు ఫైనల్స్‌లో రెండు "సిక్స్‌మ్యాన్" ఫైనల్స్. ఊరంతా కలిపి హైస్కూల్లో వందమంది పిల్లలు కూడా ఉండని పల్లెలు టెక్సాస్ నిండా ఉన్నాయి. పదకొండు మందిని పోగుచెయ్యలేని స్కూళ్ళ కోసం ఆరుగురితో ఆడే ఆటని 1934లో నెబ్రాస్కాలో స్టీఫెన్ ఎప్లర్ అనే టీచరు తయారుచేశాడు. కరువు రోజులు, స్కూళ్ళకి డబ్బు లేదు, పిల్లలు లేరు. ఆ ఆట టెక్సాస్ పల్లెల్లో బాగా పాతుకుపోయింది. గ్రౌండ్ కూడా చిన్నది, పొడవు 80 గజాలు, వెడల్పు 40. ఈ పల్లె పిల్లల ఫైనల్ కూడా అదే ఎనభైవేల సీట్ల స్టేడియంలోనే, అదే తెర కింద. వేల మంది చదివే అలెన్ లాంటి స్కూలు పిల్లలు బూట్లు కట్టుకునే గదిలోనే వీళ్ళూ కట్టుకుంటారు. ఊరు ఊరంతా తాళాలు వేసుకుని వచ్చినా ఒక్క మూల కూడా నిండదు. అయినా ఎవరూ వాళ్ళని మీరు చిన్నవాళ్ళు, మీ ఊరి దగ్గరే ఎక్కడో ఆడుకోండి అనలేదు.

అంతేకాదు, ఆ స్టేడియంలో ఆర్లింగ్టన్ జనం డబ్బు కూడా ఉంది. 2004లో ఊరి వాటాగా 32.5 కోట్ల డాలర్ల దాకా పెట్టడానికి అక్కడి ఓటర్లు ఒప్పుకున్నారు, అమ్మకం పన్ను అరశాతం పెంచుకుని మరీ. జనం డబ్బుతో లేచిన కట్టడంలో నాలుగు రోజులు జనం పిల్లలు ఆడుకోవడం న్యాయమే అనిపిస్తుంది నాకు. ఆచరణలో ఇంకో సుఖం ఉంది. పైకప్పు ఉంది కాబట్టి వాన, చలిగాలి భయం లేదు. నేల మీద ఉన్నది ప్లాస్టిక్ గడ్డి కాబట్టి రోజుకి మూడు మ్యాచ్‌లు ఆడినా బురద కాదు. ఒక మ్యాచ్ జట్లు స్నానాలు చేస్తుండగా తర్వాతి మ్యాచ్ జట్లు తయారవడానికి వేరే గదులుంటాయి. అంబులెన్సు, టీవీ వాళ్ళ తీగలు, బస్సులు ఆపే చోటు అన్నీ ముందే ఉన్నవే. స్టేడియం ఎంచుకోవడం అంటే చాలామట్టుకు ఇవే లెక్కలు. సీట్లు ఎన్ని అనేది అందులో ఒకటి మాత్రమే, అదీ చివరిది.

ఇప్పుడు ఒహాయో సంగతి. నాకు ఈ కథ టెక్సాస్ కంటే ఎక్కువ నచ్చింది.

ఒహాయోకి ఈశాన్యాన మాసిలన్, క్యాంటన్ అని రెండు పక్కపక్క ఊళ్ళు. ఈ రెండు ఊళ్ళ జట్ల మధ్య పోటీ 1894 నుంచి ఉంది. మాసిలన్‌లో మగపిల్లాడు పుడితే ఆస్పత్రిలోనే ఉయ్యాల్లో ఒక చిన్న ఫుట్‌బాల్ పెట్టేవాళ్ళు, ఆ జట్టు అభిమానుల సంఘంవాళ్ళు ఇచ్చేవాళ్ళు. (ఆడపిల్ల పుడితే? మనం అడగాల్సిన ప్రశ్నే.) క్యాంటన్‌లో 1920లో ఒక కార్ల షోరూంలో కూర్చుని కొందరు మాట్లాడుకున్న మాటల్లోంచి అమెరికా ప్రొఫెషనల్ లీగ్ పుట్టింది. ఆ ఆటలో గొప్పవాళ్ళ మ్యూజియం 1963 నుంచి అక్కడే ఉంది. రెండు ఊళ్ళలోనూ స్కూలు స్టేడియాలున్నాయి. మాసిలన్‌ది 1939లో కట్టింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో పనుల్లేనివాళ్ళకి కూలి ఇవ్వడానికి ప్రభుత్వం పెట్టిన పథకం కింద కట్టారు, మన ఉపాధి హామీ పనుల్లాంటిదనుకోండి. స్టేడియానికి పేరు అక్కడ స్కూలు కోచ్‌గా పనిచేసి తర్వాత దేశమంతా పేరు తెచ్చుకున్న పాల్ బ్రౌన్‌ది. మంత్రి పేరు కాదు, దాత పేరు కాదు, కోచ్ పేరు.

1990 నుంచి 2013 దాకా ఒహాయో స్కూలు ఫైనల్స్ ఈ రెండు ఊళ్ళూ పంచుకున్నాయి. ఒకదాంట్లో కొన్ని, ఇంకోదాంట్లో కొన్ని. 2014లో వాటిని రాజధాని కొలంబస్‌కి మార్చారు, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ స్టేడియానికి. 1922లో తెరిచిన స్టేడియం అది, గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది, లక్ష మందికి పైగా పడతారు. మార్చడానికి చెప్పుకోదగ్గ కారణం లేకపోలేదు. కొలంబస్ రాష్ట్రానికి నడిమధ్యన ఉంది. సిన్సినాటి వాళ్ళు క్యాంటన్ రావాలంటే మనం బెంగుళూరు వెళ్ళినంత దూరం. ఏటా ఈశాన్యం మూలకే ఎందుకు రావాలని నైరుతి వాళ్ళు అడిగితే జవాబు చెప్పడం కష్టమే. పైగా ఏ పిల్లాడికి ఉండదు ఆ గుర్రపు నాడాలో ఒక్కసారి పరుగెత్తాలని?

మూడేళ్ళు ఆడారు. 2017లో మళ్ళీ క్యాంటన్‌కి తెచ్చారు. ఈలోగా క్యాంటన్ పాత స్కూలు స్టేడియాన్ని బాగుచేసి కొత్త రూపం ఇచ్చారు, ఇరవైవేల పైచిలుకు సీట్లు. అప్పటినుంచి దాదాపు ఏటా ఫైనల్స్‌కి అదే ఇల్లు.

ఇందులో డబ్బు లెక్కలు ఉండే ఉంటాయి, ఊళ్ళ పంతాలూ ఉంటాయి, హోటళ్ళ వాళ్ళ ఆశలూ ఉంటాయి. ఫైనల్స్ ఎక్కడ జరిగితే ఆ ఊళ్ళో మూడు రోజులు గదులు నిండుతాయి కదా. ఊళ్ళు మాకివ్వండి అంటే మాకివ్వండి అని పోటీపడేది అందుకే. అయితే కాగితం మీద వేసుకునే లెక్క ఒకటుంది, దానికి ఎవరి లోపలి మాటలూ తెలియక్కర్లేదు. పదివేల మంది వస్తే లక్ష సీట్ల స్టేడియంలో పదింట ఒక వంతు. అదే పదివేల మంది క్యాంటన్‌లో కూర్చుంటే దాదాపు సగం. జనం వాళ్ళే, గొంతులు అవే. ఒక చోట అరుపు గాల్లో కలిసిపోతుంది, ఇంకో చోట పిల్లల చెవుల్లో పడుతుంది. పదిహేడేళ్ళ పిల్లాడికి జీవితంలో చివరి ఆట అది. వాళ్ళలో చాలామంది మళ్ళీ ఎప్పుడూ ఆడరు, ఉద్యోగాలకి పోతారు. ఆ ఒక్కరోజు వాళ్ళ ఊరు వాళ్ళ వెనకాల ఉన్నట్టు వినబడాలి. ఒహాయో వాళ్ళు వెనక్కి రావడం మంచిపనే అనిపించింది నాకు.

జార్జియా వాళ్ళూ ఇలాగే అటూ ఇటూ తిరిగారు. అట్లాంటాలో కప్పున్న పెద్ద స్టేడియం నుంచి 2019లో యూనివర్సిటీ స్టేడియానికి, 2023లో మళ్ళీ పెద్దదానికి. అంటే ఈ ప్రశ్నకి ఒకసారి జవాబు రాసి సీలు వెయ్యలేం.

పెద్దది వద్దనే వాళ్ళు చిన్నదానికి డబ్బు అక్కర్లేదనుకుంటే అదీ పొరపాటే. నేను పైన చెప్పిన అలెన్ స్కూలు 2012లో సొంతంగా ఒక స్టేడియం తెరిచింది. 18,000 సీట్లు, దాదాపు 6 కోట్ల డాలర్లు. రెండేళ్ళు తిరక్కుండానే కాంక్రీటు బీటలు వారిందని మూసేశారు, బాగుచేసి 2015లో తెరిచారు. ఒక్క స్కూలుకి! సొంత గ్రౌండ్ మీద ప్రేమ ఉండాలి గానీ ఇంత అక్కర్లేదు.

ఇక ఆడపిల్లల సంగతి. టెక్సాస్‌లో మనం ఆడే ఫుట్‌బాల్, అంటే సాకర్, రాష్ట్ర ఫైనల్స్ చాలా ఏళ్ళుగా జార్జ్‌టౌన్ అనే ఊళ్ళో ఒక స్కూలు స్టేడియంలో జరుగుతున్నాయి. ఎనభైవేల సీట్లు లేవు, వేలాడే తెర లేదు. మొదట చదివినప్పుడు కోపం వచ్చింది, ఆడపిల్లలని చిన్నదానికి నెట్టారు అని. తీరా చూస్తే మగపిల్లల సాకర్ ఫైనల్స్ కూడా అక్కడే. బాస్కెట్‌బాల్‌కి శాన్ ఆంటోనియోలో ఆలమోడోమ్ అనే పెద్ద స్టేడియం, 2015 నుంచి. ఒక వారం ఆడపిల్లలు, ఇంకో వారం మగపిల్లలు, నేల మాత్రం ఒకటే. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చాక ప్రభుత్వ డబ్బు తీసుకునే స్కూళ్ళు ఆటల్లో ఆడా మగా తేడా చూపించకూడదు. చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ సరిపోతాయని కాదు. అసలు ఆ రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద ఆటలో ఇప్పటికీ మా చెల్లెలి పని క్లారినెట్ వాయించడమే. జార్జియాలో మాత్రం 2020 నుంచి ఆడపిల్లలకి ఫ్లాగ్ ఫుట్‌బాల్ అధికారికంగా స్కూలు ఆట అయింది. ఎదుటివాళ్ళని పడగొట్టకుండా నడుముకి కట్టిన గుడ్డపీలిక లాగేసే ఆట అది. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో కూడా ఉంటుంది. చెల్లెలికి ఈ మాట చెబితే "అక్కా, మా స్కూల్లో పెడితే క్లారినెట్ మానేస్తా" అంది. పిన్నికి చెప్పొద్దంది. రాసేశాను, పిన్ని మన గోడపత్రిక చదవదులే.

కాబట్టి నేను తేల్చుకున్నది ఇది. స్టేడియం ఎంత పెద్దది అని అడగడం కంటే రెండు సంగతులు అడగాలి. ఆడే పిల్లల సొంత మనుషులు అక్కడికి రాగలరా? ఆ నేల అందరికీ ఒకటేనా, లేక కొందరికేనా? టెక్సాస్ మొదటిదాంట్లో తక్కువ మార్కులు తెచ్చుకుంది, రెండోదాంట్లో నూటికి నూరు. ఒహాయో మొదటిదాంట్లో గెలిచింది, సిన్సినాటి వాళ్ళు నన్ను క్షమించాలి.

మనవాళ్ళ ఆలోచనని ఈ రెండిటి మీదా పెట్టి చూద్దాం. నాకు తెలిసినంతలో బయట స్టేడియం మాట్లాడుతున్నది ఒక్క ఫైనల్‌కే. అదీ సాయంత్రం దొరకదట. పని రోజున పొద్దున్న ఏడు గంటలకి అయితే అద్దె తక్కువ. పొద్దున్న ఏడుకి ఎవరొస్తారు చెప్పండి? పోయినేడు గ్యాలరీలో అరిచిన ఆ అమ్మమ్మ పూలకొట్టు పెట్టుకున్నావిడ. పొద్దున్నే ఆవిడ బేరం. సాయంత్రం నాలుక్కి మన గేటు ముందు బస్సు దిగి రాగలదు, టికెట్టు కూడా అక్కర్లేదు. కార్పొరేషన్ స్కూలు పిల్లలు క్లాసులు అయ్యాక యూనిఫారంతోనే నడిచి వచ్చేస్తారు. పోయినేడు మన నాలుగు వందల సీట్ల గ్యాలరీ నిండి హాస్టల్ మెట్ల దాకా జనం నుంచున్నారు. అదే జనాన్ని పదివేల సీట్ల స్టేడియంలో కూర్చోబెడితే ఫొటోలో ఎవరూ రానట్టే ఉంటుంది. మరుసటేడు ఎవరో ఒకరు ఆ ఫొటో చూపించి, ఆడపిల్లల ఆటకి జనం రారండీ అంటారు. నాకు భయం అదే.

ఎదుటివైపు మాట కూడా విన్నాను. ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో ఉన్న నా స్నేహితురాలు స్కూల్లో ఉన్నప్పుడు ఆడింది, గోల్‌కీపరు. "మీకేం తెలుసు, అసలైన స్టేడియంలో సొరంగంలోంచి బయటికి పరుగెత్తుకు రావడం ఎలా ఉంటుందో. మైకులో పేరు చెప్తారు. మన పిల్లలు ఎప్పుడూ వేపచెట్టు కిందే బట్టలు మార్చుకోవాలా?" అంది. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. వేపచెట్టు కింద నలుగురు చీర అడ్డం పట్టుకుంటే బట్టలు మార్చుకోవడం నేనూ చూశాను. అది అభిమానపడే సంగతి కాదు. గుర్రపు నాడాలో పరుగెత్తాలన్న ఆ ఒహాయో పిల్లాడి ఆశ లాంటిదే మన పిల్లలకీ ఉంటుంది, ఎందుకుండదు? మన ఊళ్ళోనే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం 1993 నుంచి ఉంది, నలభైవేల మంది పడతారు, అందులో ఫుట్‌బాల్ ఆడాలని కలగనని పిల్ల వ్యాసర్‌పాడిలో ఉంటుందా?

అందుకే నా షరతు. వెళ్తే అందరం వెళ్దాం. ఫైనల్ ఒక్కటే కాదు, చిన్న వయసు పిల్లల ఫైనల్, మూడో స్థానం మ్యాచ్, అన్నీ ఒకే రోజు, ఒకే స్టేడియంలో, సాయంత్రం పూట. వచ్చే స్కూళ్ళకి బస్సులు మన ఖర్చు మీద. టెక్సాస్ వాళ్ళు ఆరుగురు ఆడే పల్లె జట్టుకి ఇచ్చిన మర్యాద మనం మన కార్పొరేషన్ స్కూళ్ళకి ఇద్దాం. అంత డబ్బు ఉందంటే నేను ముందు చెయ్యెత్తుతాను. లేదంటే, ఆ పొద్దున్న ఏడు గంటల అద్దె డబ్బు ఇక్కడే పెడదాం. గ్యాలరీ వెనకాల పాత సామాన్ల గది ఖాళీ చేయించి, తలుపుకి గడియ, లోపల ఒక అద్దం, రెండు పంపులు పెట్టిస్తే అది డ్రెస్సింగ్ రూమే. మైకు మన ఆడిటోరియంలో ఉంది. పేర్లు చదివే పని మన డిపార్టుమెంటు తీసుకోవచ్చు, తమిళంలోనూ తెలుగులోనూ. ఆ పిల్ల పేరు మైకులో ఇంటిపేరుతో సహా వినబడితే ఆ అమ్మమ్మ ఏమంటుందో వినాలని నాకుంది.

కమిటీలో ఉన్న అక్కలిద్దరికీ ఒక విన్నపం. మీటింగ్‌కి ముందు, పోటీకి వచ్చే స్కూళ్ళ పీటీ టీచర్లకి ఫోన్ చేసి, పొద్దున్న ఏడైతే మీ పిల్లల ఇళ్ళ నుంచి ఎంతమంది రాగలరు, సాయంత్రం నాలుగైతే ఎంతమంది అని అడగండి. కుదిరితే పోయినేడు ఆడిన పిల్లల్నే అడగండి. ఇప్పటిదాకా వాళ్ళని ఎవరూ అడిగినట్టు లేదు. టెక్సాస్ కోచ్‌లు నాణెం ఎగరేసే ముందు చేసే పని కూడా అదే, ముందు మాట్లాడుకోవడం.

ఇంకొకటి. మన గ్రౌండ్‌లో ఉత్తరం వైపు గోల్ పోస్టు వానాకాలం నుంచి పక్కకి ఒరిగి ఉంది. ఫైనల్ ఎక్కడ జరిగినా సెమీఫైనల్స్ ఇక్కడేగా, దాన్ని ఈలోపే నిలబెట్టించండి.